కొల్లేరు పిల్లలు ఏ గడిలో?

పేదరికం పిల్లల్ని ఎక్కడ ఆపేస్తుందో ఒక్క సర్వేతో తెలియదు. అదే బిడ్డ ఇంటికి ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వెళ్లాలి. తెలుగు నేల మీద ఆ పని ఓపికగా చేసింది ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి నడిచే ఈ ఉమ్మడి పరిశోధన ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుంది. హైదరాబాద్‌లోని సెస్, తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఇక్కడ భాగస్వాములయ్యాయి. 2001-02లో పుట్టిన 2,000 మందిని, 1994-95లో పుట్టిన 1,000 మందిని ఎంచుకుని 2002లో మొదలుపెట్టి, 2006, 2009, 2013, 2016 విడతల్లో పలకరించారు. వలసపోయిన వారినీ వెతికి పట్టుకున్నారు. ఎంచుకున్న జిల్లాల్లో మా ఉమ్మడి పశ్చిమ గోదావరి ఒకటి. ఇంత శ్రద్ధ మన విశ్వవిద్యాలయాలు సొంతంగా ఎన్నడూ చూపలేదన్నది నా అభిప్రాయం.

అయితే ఆ పట్టికల్లో కులం ప్రధానంగా నాలుగు గడులు: ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ. రాష్ట్రమంతటి అంతరాలు చూపడానికి అవి చాలు. ఏలూరు దాటి కొల్లేటి లంకల్లోకి దిగితే చాలవు. పడవ మీద వల వేసే వడ్డి కుటుంబపు బిడ్డా బీసీయే, తాడేపల్లిగూడెం బజారులో దుకాణమున్న ఇంటి బిడ్డా బీసీయే. చేపల చెరువు గట్టు మీద పాకలో కాపలా కాసే యానాది దంపతుల పిల్లలు, చెరువు మారితే ఊరు మారే పిల్లలు, ఇంటింటి జాబితా రాసే రోజున ఏ ఊళ్లో ఉంటారు?

2006 సంగతే చూద్దాం. 1970లలో జలగం వెంగళరావు ప్రభుత్వం వడ్డీల, దళితుల సహకార సంఘాలకు కొల్లేటిలో చెరువులు ఇచ్చింది. కాలక్రమంలో వాటిలో చాలా భాగం లీజుల పేరిట పెట్టుబడిదారుల చేతుల్లోకి పోయింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట ఐదో కాంటూరు లోపలి గట్లను కూల్చేశారు. సరస్సును కాపాడుకోవాల్సిందే, అందులో వివాదం లేదు. కానీ పెట్టుబడి మరో చోటికి వెళ్లగలదు, కూలి వెళ్లలేదు. యంగ్ లైవ్స్ రెండో విడత మొదలైందీ ఆ ఏడాదే. చిన్న బృందపు పిల్లలకు అప్పుడు బడిలో చేరే వయసు. అదే వయసు లంక పిల్లల చదువు ఏమైందో నాలుగు గడుల పట్టికలో వెతికినా దొరకదు.

కులం పేరు సూటిగా రాస్తే చిన్న ఊళ్లో బిడ్డ ఎవరో బయటపడుతుందన్న అభ్యంతరం ఉంది. అది బలమైనదే. ఊళ్ల అసలు పేర్లు దాచడం వెనుక ఉన్న నీతి కూడా అదే. కానీ దాచవలసింది ప్రచురణలో, నమోదులో కాదు. ఎస్సీల లోపలి తేడాలను గుర్తించి వర్గీకరించవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టే చెప్పింది. న్యాయస్థానం గడి లోపలికి చూస్తుంటే పరిశోధకులు గడి గీత దగ్గరే ఆగిపోవడం నాకు వింతగా తోస్తుంది.

అడిగేదెవరన్నదీ ముఖ్యమే. లంక నుంచి వచ్చిన విద్యార్థి ఒకరు నాతో అన్నారు: “సార్, ప్రశ్నాపత్రం పట్టుకొచ్చిన వాళ్లకు మా అమ్మ కుర్చీ వేస్తుంది, జవాబు మాత్రం వాళ్లకు నచ్చేదే చెబుతుంది.” ఆ తల్లి తన కొడుకుకు వేరే జవాబు చెబుతుంది. అందుకే ఏలూరు, తాడేపల్లిగూడెం కళాశాలలు కలిసి ఒక స్థిరమైన పరిశోధన బృందం ఏర్పరచాలి. వడ్డి, మాల, మాదిగ, యానాది యువతీయువకులు అందులో వివరాలు సేకరించే కూలీలుగా కాక, ప్రశ్నలు రాసేవారిగా, వేతనంతో ఉండాలి. ఫలితాలు ముందుగా ఊళ్లోనే తెలుగులో చదివి వినిపించాలి. గట్ల మీది పిల్లల కోసం ఇంటి చిరునామా మీద ఆధారపడని నమూనా కావాలి. దానికి చెరువుల వెంట తిరగాలి, ఖర్చవుతుంది.

2001లో పుట్టిన లంక బిడ్డలు ఇప్పుడు పాతికేళ్ల వారు, కొందరు తల్లిదండ్రులు కూడా. వారిని వెతకడం మొదలుపెట్టడానికి లంక బడుల్లోని 2006 నాటి అడ్మిషన్ రిజిస్టర్లు చాలు.