విద్వాంసుల రాబడియు, ఆదాయపు పన్నును

మన ఎన్నూరు నుండి రైలుదారిలో దక్షిణముగా కొలది స్టేషనులు సాగినచో తిరువొత్తియూరు వచ్చును. అచ్చటి త్రిపురసుందరీ దేవిపై త్యాగరాజస్వామి తెలుగున అయిదు కీర్తనలు రచించిరి. ఆ సంప్రదాయమున పెరిగిన మన విద్వాంసులకు సంగీతమునకు జమాఖర్చులు వ్రాయుట యన్న సంకోచము. సంకోచము తప్పు కాదు. కాని దాని వెల యెంతయో తల్లిదండ్రులు గ్రహింపవలెను. ఆ వెల పిల్లల చదువు సొమ్ములోనుండియే పోవును.

మేళము నడుపు నాగస్వర విద్వాంసుని సంగతి చూతము. పెండ్లివారును, ఆలయములవారును సొమ్మంతయు అతని ఖాతాకే పంపుదురు. ఏడాదికి 14 లక్షలు వచ్చినదనుకొందము. రెండవ నాగస్వరమునకు, డోలు వారికి, తాళమునకు, శ్రుతికి 8 లక్షల 50 వేలు పంచిపెట్టును. నెల్లూరు, గూడూరు ముహూర్తములకు పోవు వ్యాను కిరాయి, పీకలు, డోలు మరమ్మతులు కలిసి 50 వేలు. మిగిలిన 5 లక్షలే అతని ఆదాయము. 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త పద్ధతి ప్రకారము 12 లక్షలవరకు రాయితీ కలదు గనుక రిటర్ను దాఖలు చేయవలసినదే గాని కట్టవలసినది సున్న. పంచిన సొమ్మునకు ఋజువు లేనిచో? మొత్తము 14 లక్షలును అతని ఆదాయమే యనబడును. అదే రేట్ల చొప్పున పన్ను, సెస్సు కలిసి 93,600 రూపాయలు! తోడి వాద్యకారుల పారితోషికముపై తాను పన్ను కట్టినట్లగును.

కొత్త పద్ధతిలో మినహాయింపులే లేవని పలువురు చెప్పుచుందురు. ఇది సగము మాట. భీమా, ప్రావిడెంటు ఫండు, ఇద్దరు పిల్లల ట్యూషను ఫీజు మున్నగువానికి పాత పద్ధతిలో 1 లక్ష 50 వేలవరకు దొరకు తగ్గింపు కొత్తదానిలో లేదు. వృత్తి వ్యయము వేరు. అది మినహాయింపు కాదు. ఆదాయము తేల్చుటకు ముందే తీసివేయవలసిన ఖర్చు. ఏ పద్ధతి నెంచుకొన్నను అది పోదు. (జీతముపై పనిచేయు సంగీతోపాధ్యాయునకు మాత్రము ఆ జీతమునుండి వీణ ఖర్చు తీసివేయు వీలు లేదు. అతడు ఇంట చెప్పు పాఠముల రాబడికి ఆ హక్కు కలదు.)

అయితే ఏది వృత్తి వ్యయము? పూర్తిగా వృత్తికొరకే చేసినదై యుండవలెను. 1961 చట్టమునకు బదులు 2026 ఏప్రిల్ 1 నుండి 2025 చట్టము వచ్చినను ఈ సూత్రము నిలిచియున్నది. 1970 నాటి ఇంగ్లండు లా రిపోర్టులలో ప్రిన్సు అను గిటారు వాద్యకారుని వ్యాజ్యము కలదు. వ్రేలు తెగగా గిటారు వాయించుటకై శస్త్రచికిత్స చేయించుకొని ఆ ఖర్చును లెక్కలో చూపెను. అతడు సంపాదనకే గాక తన వినోదమునకును వాయించుచుండెను గనుక న్యాయమూర్తి ఒప్పుకొనలేదు. ఆ తీర్పు మనకు శాసనము కాదు గాని, కచేరీకి కట్టి పెండ్లి విందునకును కట్టు పట్టుపంచెను ఖర్చులో వ్రాయబోవువారు దీనిని తలచుకొనుట మేలు.

వయొలిను తీగలు, మృదంగపు మూతలు ఆ యేటి ఖర్చే. వాద్యము కొనుట అట్టిది కాదు. అది మూలధన వ్యయము. నూటికి 15 వంతున తరుగుదల లెక్కించినచో 40,000 రూపాయల వీణకు తొలియేట 6,000, మరుసటి యేట మిగిలిన 34,000 పై 5,100 తగ్గును. కొన్న యేట 180 దినములకన్న తక్కువ వాడినచో తొలియేడు సగమే.

ఒకరికి ఒక దినమున 10,000 రూపాయలకు మించి రొక్కముగా ఇచ్చిన ఖర్చును చట్టము సాధారణముగా ఒప్పదు. ముఖ్య డోలు విద్వాంసునకు బ్యాంకు ద్వారా పంపుట క్షేమము. చిన్న మొత్తములకు మీ పిల్లలు వాడు నోటుపుస్తకమే చాలును: తేదీ, ఊరు, ఇచ్చినవారు, పుచ్చుకొన్నవారు, మొత్తము, సంతకము. కచేరీ ముగిసి వ్యాను ఎక్కకమునుపే సంతకములు తీసికొనవలెను. తెల్లవారిన పిమ్మట ఎవరును దొరకరు.

సభలవారు పన్ను పట్టుకొని మిగిలినది ఇచ్చిరేని, ఆ పట్టిన సొమ్ము మీ పాన్ నంబరుపై జమయైనదో లేదో ఫారము 26ఏఎస్‌లో చూచుకొనవచ్చును. పన్ను లేనివారికి అది తిరిగి వచ్చును, రిటర్ను దాఖలు చేసినచో మాత్రమే.