పాత పద్మిని కారు లోపల ఏది అసలు, ఏది మార్చింది? ఇలా గుర్తుపట్టండి

మా నానా కారు 1975 ప్రీమియర్ పద్మిని. పదేళ్ల కిందట ఖాలా పెళ్లికి మామూ దాని సీట్లు, డోర్ ప్యాడ్లు అన్నీ కొత్తగా చేయించాడు. పాతవి కబాడీకి వెళ్లిపోయాయి. పోయిన ఏడాది ఒకాయన కొనడానికి వచ్చాడు. ఇంజిన్ చూశాడు, బాడీ చూశాడు, బాగుందన్నాడు. డోర్ తీసి లోపల చూడగానే రేటు తగ్గించేశాడు. "లోపల ఒరిజినల్ ఏం మిగల్లేదు కదా భాయ్" అన్నాడు. మామూకి జవాబు లేదు.

మన ఇళ్లలో చాలామందికి ఇలాంటి బండి ఉంది. దాదా కొన్నది, షెడ్డులో కవర్ కప్పి ఉన్నది. అమ్మేవాళ్లయినా, కొనేవాళ్లయినా, బాగు చేయించేవాళ్లయినా ముందు ఈ నాలుగు విషయాలు తెలుసుకుంటే నష్టపోరు.

ఇప్పుడే ఎందుకు?

కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. పద్మిని పేరుతో 1974లో వచ్చిన మొదటి బండ్లు ఇప్పుడు ఈ వయసు దాటాయి. సీట్లు, డోర్ ప్యాడ్ల మాట ఆ షరతులో లేదు. కానీ బేరం దగ్గర మాత్రం వాటికీ లెక్క ఉంటుంది.

మొదట ఆర్‌సీ చూడండి

ఈ కారు ముంబై కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫియట్ లైసెన్స్‌తో తయారు చేసింది. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా వచ్చింది, 1970ల మొదట్లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయ్యింది, తర్వాత పద్మిని. అంతకు ముందున్న సూపర్ సెలెక్ట్‌కు ముందు డోర్లు వెనక వైపు కీలుతో తెరుచుకునేవి. డిలైట్ నుంచి మామూలు డోర్లు వచ్చాయి. కాబట్టి ఆర్‌సీలో ఉన్న మోడల్, తయారైన సంవత్సరం ముందు రాసుకోండి. లోపల కనిపించే ప్రతి వస్తువునూ ఆ సంవత్సరంతో పోల్చాలి.

గేరు, ముందు సీటు కలిపి చూడండి

పాత పద్మినిలో గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది, మనవాళ్లు హ్యాండ్ గేర్ అంటారు. దానికి జోడీగా ముందు ఒకటే పొడుగు సీటు. ఫ్లోర్ గేరు, విడివిడి బకెట్ సీట్లు 1990ల చివర్లో వచ్చిన ఎస్1లోవి. 1974 బండి అని చెప్పి లోపల బకెట్ సీట్లు, ఫ్లోర్ గేరు చూపిస్తే అది తర్వాత మార్చిందే. మ్యాట్ ఎత్తి చూడండి. కొత్తగా కోసిన ఫ్లోర్, వెల్డింగ్ గుర్తులు, వాడని బోల్టు రంధ్రాలు ఉంటే విషయం తెలిసిపోతుంది.

సీటు బెల్టులు కూడా ఒక గుర్తే. 1994 నుంచి తయారయ్యే కార్లకు ముందు సీటు బెల్టులు తప్పనిసరి చేశారు. 1970ల బండికి బెల్టులుంటే తర్వాత ఎవరో పెట్టించారనుకోవచ్చు. అలా అని వాటిని పీకేయకండి. ప్రాణం కంటే ఒరిజినల్ ఎక్కువ కాదు.

డోర్ ప్యాడ్లు, రెక్సిన్

పైనుంచి చూస్తే కొత్తదీ పాతదీ ఒకలాగే ఉండొచ్చు. అసలు సంగతి వెనక వైపు ఉంటుంది. అద్దం తిప్పే హ్యాండిల్ విప్పి చూడండి. దాని కింద ఎండ తగలని చోట పాత రంగు అలాగే ఉంటుంది. ప్యాడ్ వెనక అట్ట పాతబడి, క్లిప్పుల రంధ్రాలు డోర్ రంధ్రాలకు సరిగ్గా కలిస్తే మంచి గుర్తు. పక్కపక్కన రెండు వరసల రంధ్రాలుంటే ప్యాడ్ మారిందని అర్థం. వెనక సీటు ఎత్తి చూడండి. పాత సీట్లలో స్ప్రింగులు ఉంటాయి, మొత్తం ఫోమ్ ఉంటే తర్వాత చేసిన పని.

ఒక్క వస్తువు చూసి తీర్పు చెప్పొద్దు

ఫియట్ పేరు పోయి ప్రీమియర్ పేరు వచ్చిన ఏళ్లలో పాత స్టాక్ భాగాలు వాడి ఉండొచ్చు. ఒక బండిలో ఫియట్ గుర్తున్న వస్తువు దొరికిందని అది మోసం అనుకోలేం, డిలైట్ అని కూడా అనుకోలేం. మరోవైపు ముంబై కాలీ-పీలీ టాక్సీలుగా వేల పద్మినిలు తిరిగాయి. చివరిది 2023 అక్టోబర్‌లో రోడ్డు దిగింది. విప్పిన టాక్సీల భాగాలు వేరే బండ్లలోకి చేరుతుంటాయి. అవి నిజమైన కంపెనీ వస్తువులే, కానీ మీ బండితో పుట్టినవి కావు. అమ్మేటప్పుడు ఆ తేడా చెప్పాలి, కొనేటప్పుడు అడగాలి.

బాగు చేయించే ముందు

రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో పని మొదలుపెట్టే ముందు లోపలంతా ఫోటోలు తీయండి. విప్పిన ప్రతి ముక్కనూ సంచిలో వేసి పేరు రాయండి. "పాతవి మాకే ఇవ్వండి" అని మేస్త్రీకి ముందే చెప్పండి. బిల్లులో ఏం మార్చారో రాయించుకోండి. చిరిగిన రెక్సిన్ కూడా పారేయొద్దు, కొత్తది అదే రంగులో, అదే కుట్టుతో చేయించడానికి అదే నమూనా.

మామూ ఆ బేరం వదులుకున్నాడు. తర్వాత మేమిద్దరం కలిసి వెనక సీటు ఎత్తితే, స్ప్రింగుకి చిక్కుకుని అరచేయంత రెక్సిన్ ముక్క దొరికింది. ముదురు ఎరుపు. ఇప్పుడది ఆర్‌సీ కవర్‌లో ఉంది. ఈసారి సీట్లు ఆ రంగులోనే చేయిస్తానంటున్నాడు.