అంబలి కుండ నుంచి మందుల ప్యాకెట్ దాకా..

* 'మంచి బ్యాక్టీరియా'పై పరిశోధనలు తేల్చిందేమిటి?
* ఒడిశా పసికందుల్లో మేలైన ఫలితం.. అందరికీ వర్తించదు
* బేదులకు ముందు ఓఆర్‌ఎస్, జింకే

ధర్మపురి: తగడూరు.. ధర్మపురికి పాత పేరు. ఈ సీమను ఏలిన అదియమాన్‌కు ఓసారి అరుదైన ఉసిరికాయ దొరికిందట. తిన్నవాళ్లకు ఆయుష్షు పెరుగుతుందట. తాను తినకుండా దాన్ని కవయిత్రి అవ్వైయార్ చేతిలో పెట్టాడని ఇక్కడ అందరూ చెప్పుకొనే కథ. కాలం మారింది. ఇప్పుడు ఆరోగ్యం చిన్న ప్యాకెట్లలో, బుడ్డి సీసాల్లో వస్తోంది. పేరు ప్రోబయోటిక్. కడుపులోకి మంచి బ్యాక్టీరియాను పంపే పొడి అన్నమాట. 'పిలకాయకు బేదులన్నా.. ఆ పొడి ప్యాకెట్ ఇయ్యి' అని మందుల షాపులో అడిగే తల్లులు సరిహద్దుకు అటూ ఉన్నారు, ఇటూ ఉన్నారు. ఇంతకీ అది పనిచేస్తుందా? ఎవరికి? ఎంతవరకు?

మన వంటింటి చుట్టమే

2004 దాకా కృష్ణగిరి కూడా ధర్మపురి జిల్లాలో భాగమే. ఇటు కుప్పం, పలమనేరు వైపు కూడా అదే మెట్ట నేల, అదే రాగి సంగటి. తెలుగిళ్లలో అంబలి, తమిళ ఇళ్లలో కూళు. రాత్రి పిండి కలిపి పెడితే తెల్లారేసరికి పులుస్తుంది. ఆ పులుపు పుట్టించేది లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా. పెరుగు తోడుకోవడానికి, ఇడ్లీ పిండి పొంగడానికి కూడా ఇదే జాతి బంధువులు కారణం.

వీటిలో ఒకటి లాక్టోబాసిల్లస్ ప్లాంటారం. పులిసిన పిండిలో, ఉప్పునీళ్లలో ఊరిన కూరగాయల్లో కనిపిస్తుంది. 2020లో శాస్త్రవేత్తలు దీని పేరును లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారం అని మార్చారు. పేరు మారినా సూక్ష్మజీవి అదే.

పులిసిన పాలతో ఆయుష్షు పెరుగుతుందన్న మాట వందేళ్ల నాటిది. రోగనిరోధక శక్తిపై పరిశోధనకు 1908లో నోబెల్ అందుకున్న ఇల్యా మెచ్నికాఫ్ ఈ మాటకు ప్రచారం తెచ్చారు. బల్గేరియా పల్లె జనం ఎక్కువ కాలం బతకడానికి పెరుగే కారణమని ఆయన నమ్మకం. నమ్మకం వేరు, రుజువు వేరు. పెద్ద రుజువు ఒకటి మన దేశం నుంచే వచ్చింది.

ఒడిశా పల్లెల్లో ఏం జరిగింది?

పినాకి పాణిగ్రాహి బృందం ఒడిశా గ్రామాల్లో 4,556 మంది నవజాత శిశువులపై చేసిన అధ్యయనం 2017లో 'నేచర్' పత్రికలో వచ్చింది. సగం మందికి ప్లాంటారంలోని ఒక ప్రత్యేక రకాన్ని, దానికి ఆహారంగా పనికొచ్చే ఒక రకం చక్కెరతో కలిపి నోటి ద్వారా ఇచ్చారు. పుట్టిన రెండు నుంచి నాలుగు రోజుల్లోపు మొదలుపెట్టి ఏడు రోజులు మాత్రమే. మిగతా సగానికి మందు లేని పొడి. తర్వాత 60 రోజుల వయసు దాకా గమనించారు.

రక్తానికి ఇన్ఫెక్షన్ సోకడం, చనిపోవడం.. ఈ రెంటినీ కలిపి లెక్క తీశారు. ఉత్త పొడి తీసుకున్న వారిలో ఇది 9 శాతం. బ్యాక్టీరియా అందిన వారిలో 5.4 శాతం. అంటే ముప్పు 40 శాతం తగ్గింది. దాదాపు 28 మంది బిడ్డలకు ఇస్తే ఒకరిని గండం నుంచి తప్పించినట్టు. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కూడా తగ్గాయి. మేలు స్పష్టంగా కనిపించడంతో అధ్యయనాన్ని అనుకున్న దానికన్నా ముందే ఆపేశారు.

షరతులు మరవొద్దు

ఇక్కడే జాగ్రత్తగా చదవాలి. ఆ పిల్లలంతా నెలలు నిండినవారు లేదా దాదాపు నిండినవారు. బరువు రెండు కిలోలకు తక్కువ కాదు. తల్లిపాలు తాగుతున్నారు. పైకి ఆరోగ్యంగా ఉన్నారు. మరణాలు రెండు గుంపుల్లోనూ బాగా తక్కువే. తేడా కనిపించింది ముఖ్యంగా ఇన్ఫెక్షన్లలో.

ధర్మపురికి ఈ షరతులు ఎందుకు ముఖ్యమో గుర్తు చేసుకుంటే చాలు. 2014 నవంబరులో ఇక్కడి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో కొద్ది రోజుల్లోనే పది మందికి పైగా పసికందులు కన్నుమూశారు. తమిళనాడంతా కలకలం రేగింది. తక్కువ బరువుతో పుట్టడమే ప్రధాన కారణాల్లో ఒకటని అప్పట్లో అధికారులు చెప్పారు. మనకు గుబులు పుట్టించేది ఇలాంటి బిడ్డల గురించే. ఒడిశా అధ్యయనంలో లేనిదీ ఇలాంటి బిడ్డలే!

నెలలు నిండని పిల్లలకు ప్రోబయోటిక్ ఇస్తే పేగులు కుళ్లే జబ్బు తగ్గుతుందని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. ఇంకోవైపు 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గట్టిగా హెచ్చరించింది. ఆసుపత్రిలో ఓ బిడ్డకు ఇచ్చిన బ్యాక్టీరియానే రక్తంలోకి చేరి, ఆ బిడ్డ చనిపోవడమే కారణం. కాబట్టి బరువు తక్కువ బిడ్డకు ఇవ్వాలా వద్దా అన్నది ఆసుపత్రిలో డాక్టరు తేల్చాల్సిన సంగతి. ఇరుగుపొరుగు చెప్పారని ఇంట్లో వేసేది కాదు.

బేదులకు పనిచేస్తుందా?

కోల్‌కతా మురికివాడల్లో ఒకటి నుంచి అయిదేళ్ల పిల్లలు 3,758 మందిపై జరిగిన అధ్యయనం 2011లో వెలువడింది. 12 వారాలు రోజూ బ్యాక్టీరియా ఉన్న పాల పానీయం తాగినవారిలో బేదులు 14 శాతం తగ్గాయి. వాడింది ప్లాంటారం కాదు, కేసీ షిరోటా అనే వేరే రకం. ఖర్చుకు సాయం చేసింది ఆ పానీయం తయారుచేసే కంపెనీయే.

బేదులు మొదలయ్యాక ఇస్తే? అమెరికాలో 971 మంది, కెనడాలో 886 మంది పిల్లలపై వేర్వేరు రకాలను పరీక్షించారు. 2018లో ఫలితాలు వచ్చాయి. పొడి తాగినవారికీ తాగనివారికీ తేడా లేదు!

యాంటీబయాటిక్ వాడుతుండగా వచ్చే బేదుల విషయంలో మాత్రం ఆశ ఉంది. 33 అధ్యయనాలను కలిపి చూసిన 2019 నాటి కాక్రేన్ సమీక్షలో ప్రోబయోటిక్ తీసుకున్న పిల్లల్లో 8 శాతం మందికి బేదులయ్యాయి. తీసుకోని వారిలో 19 శాతం మందికి.

దీన్నిబట్టి తెలిసేది ఒక్కటే. 'ప్రోబయోటిక్' అనేది ఒక మందు పేరు కాదు. ఏ రకం, ఎంత మోతాదు, ఎవరికి, ఏ జబ్బుకు.. ఈ నాలుగూ కుదిరితేనే ఫలితం. ఒక రకం చేసిన మేలును ఇంకో రకం ఖాతాలో రాయకూడదు.

కొనే ముందు చూడండి

ప్రోబయోటిక్ ఆహారంపై ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ శాఖ కలిసి 2011లో మార్గదర్శకాలు ఇచ్చాయి. బ్యాక్టీరియా ప్రజాతి, జాతి, రకం మూడూ ప్యాకెట్‌పై ఉండాలన్నాయి. 'మంచి బ్యాక్టీరియా' అని మాత్రమే ఉంటే అది ఏదో తెలియనట్టే. గడువు తేదీ చూడాలి. చల్లగా ఉంచాలని రాసుంటే ఎండలో, వంటగది గట్టుపై ఉంచకూడదు. చచ్చిన బ్యాక్టీరియాకు ఆ పని చేతకాదు.

మరి మన అంబలి? నిక్షేపంగా తాగొచ్చు. పులిశాక ఉడికిస్తే అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. చల్లారాక మజ్జిగ కలిపితే మళ్లీ చేరుతుంది. ఎండాకాలానికి ఇంతకన్నా మంచి తిండి లేదు. కానీ తిండి తిండే, మందు కాదు. అందులో ఏ బ్యాక్టీరియా ఎంత ఉందో ఇంటింటికీ మారుతుంది. ఒడిశా ఫలితం మన కుండకు అంటగట్టకూడదు. ఆరు నెలల్లోపు బిడ్డకు అంబలి, మజ్జిగ ఏవీ వద్దు. తల్లిపాలే.

ఇవి గుర్తుంచుకోండి..

* పిల్లలకు బేదులైతే ముందు ఓఆర్‌ఎస్. ప్యాకెట్‌పై రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి.
* జింక్ మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులూ వేయాలి. బేదులు ఆగాయని మధ్యలో మానొద్దు.
* తల్లిపాలు, తిండి ఆపొద్దు.
* పసికందు పాలు తాగకున్నా, ఒళ్లు చల్లబడినా, జ్వరం వచ్చినా, డొక్కలు ఎగరేస్తున్నా, మత్తుగా పడి ఉన్నా పొడి కోసం షాపుకు పరుగెత్తొద్దు. 108కి ఫోన్ చేయండి. ఆ నంబరు సరిహద్దుకు రెండు వైపులా పనిచేస్తుంది.