తలకు దెబ్బ తగిలితే వాసన ఎందుకు పోతుంది?

బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలిన కొందరికి, గాయం మానాక కూడా ఇంగువ తాలింపు వాసన తెలియదు. ముక్కు మాత్రం నిక్షేపంగా ఉంటుంది!

ముక్కు పైభాగంలో, మెదడుకు సరిగ్గా కింద, జల్లెడలా చిల్లులున్న పల్చటి ఎముక ఉంది. వాసన నరాల సన్నటి పోగులు ఆ చిల్లుల్లోంచే మెదడులోకి వెళ్తాయి. తల విసురుగా కుదుపుకు గురైతే లోపల మెదడు కదులుతుంది, ఎముక కదలదు. మధ్యలో పోగులు పుటుక్కున తెగిపోవచ్చు. తల వెనక తగిలిన దెబ్బకు కూడా ఇలా జరుగుతుంది.

ఈ వాసన నరాల కణాలు మళ్లీ పుడుతుంటాయి. నరాల్లో ఇది అరుదైన అదృష్టమే. అందుకే కొందరికి నెలల తర్వాత వాసన తిరిగొస్తుంది. కానీ ఒక్కోసారి కాఫీ కూడా మాడు కంపు కొడుతుంది. దీన్ని పారోస్మియా అంటారు.

అన్నట్టు, వంటగ్యాస్‌కు సొంత వాసన లేదు. లీకైతే తెలియాలనే ఘాటు రసాయనం కలుపుతారు. వాసన తెలియనివాళ్ల వంటింట్లో గ్యాస్ డిటెక్టర్ ఉండాల్సిందే.