మన 18 డిగ్రీల ఆకాశం

పెళ్లి ఆల్బమ్‌లో అరుంధతీ దర్శనం ఫొటో లేకపోతే పెళ్లివారు ఊరుకోరు. పంతులుగారు వేలెత్తి చూపిస్తారు, పిల్లాడు బుద్ధిగా చూస్తాడు, పిల్ల నవ్వు ఆపుకుంటూ తలెత్తుతుంది, నేను క్లిక్‌మనిపిస్తాను. చాలాసార్లు అది మిట్టమధ్యాహ్నం. అయినా ఎవరూ అడగరు. హన్మకొండలో స్టూడియో నడుపుతున్నవాణ్ని, నేనూ అడగలేదు. టెలిస్కోపు ఇంటికొచ్చాక మాత్రం ఒక సంగతి తెలిసింది. కార్తీకంలో రాత్రి ముహూర్తం పెట్టినా అరుంధతి కనిపించదు. నవంబరు నెల నడుమ దాటాక కూడా ఆ నక్షత్రం మన ఊళ్లో ఉదయించేది అర్ధరాత్రి దాటిన తర్వాతే. చైత్ర, వైశాఖాల్లోనైతే పొద్దుగూకిన కాసేపటికే ఉత్తరాన సప్తర్షుల తోకలో వశిష్ఠుడి పక్కనే ఉంటుంది. వేసవి పెళ్లిళ్లలో రాత్రి భోజనాలయ్యాక ఎవరైనా డాబా ఎక్కితే నిజంగానే చూపించవచ్చు.

లండన్‌లో ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. అక్కడ సప్తర్షులు ఏడాది పొడవునా అస్తమించరు. తేడా అంతా అక్షాంశానిది. వరంగల్ భూమధ్యరేఖకు ఉత్తరాన 18 డిగ్రీల దగ్గర ఉంది. కొత్తగా టెలిస్కోపు కొనాలనుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ అంకె గురించే. యూట్యూబ్‌లో మనం చూసే పాఠాలు ఎక్కువగా 40, 50 డిగ్రీల దగ్గర కూర్చున్నవాళ్లు చెప్పినవి. వాళ్ల ఆకాశం వేరు, వాళ్ల ఎండలు వేరు, వాళ్లకు మన వానాకాలం లేదు.

18 డిగ్రీలంటే ధ్రువనక్షత్రం దిగంతం నుంచి 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చేయి బారుగా చాచి పిడికిలి బిగిస్తే సుమారు 10 డిగ్రీలు. అంటే రెండు పిడికిళ్లకు కూడా తక్కువే. ఉత్తరం పక్క మూడంతస్తుల ఇల్లు లేచిందంటే ధ్రువుణ్ని మరిచిపోవాల్సిందే. దానికి బదులు దక్షిణం మొత్తం మనకు తెరిచి ఉంటుంది. మన పాలపుంత నడిబొడ్డు ధనూరాశి వైపు ఉంది. లండన్‌లో అది దిగంతం మీద పది డిగ్రీలు కూడా లేవదు. మనకు 43 డిగ్రీల దాకా వస్తుంది. మాఘంలో రాత్రిపూట దక్షిణాన తక్కువ ఎత్తులో తెల్లగా మెరిసే అగస్త్యుడూ, వేసవిలో కనిపించే త్రిశంకుడూ యూరప్‌లో చాలామందికి విమానం ఎక్కితే తప్ప దొరకవు. చంద్రుడూ గ్రహాలూ మనకు బాగా పైకొస్తాయి. పైకొచ్చేకొద్దీ వాటి వెలుగు దాటాల్సిన గాలి పొర పలచబడుతుంది, బొమ్మ తేటగా ఉంటుంది.

హైదరాబాదులో ఈ అక్షాంశం నూరేళ్ల కిందటే పనికొచ్చింది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో సొంతంగా పెట్టుకున్న వేధశాల తర్వాత నిజాం ప్రభుత్వం చేతికొచ్చి, నిజామియా అబ్జర్వేటరీగా బేగంపేటకు మారింది. అప్పటికి ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని, గాజు ప్లేట్ల మీద ఫొటోలు తీసి, నక్షత్రాల పట్టిక తయారుచేసే పెద్ద పని మొదలుపెట్టాయి. చిలీలోని శాంటియాగో చేయలేక వదిలిన దక్షిణపు పట్టీ, మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా, నిజామియాకు వచ్చింది. అది ముగిశాక జర్మనీలోని పోట్స్‌డామ్ వంతులో మిగిలిపోయిన ఉత్తరపు ముక్క, 36 నుంచి 39 డిగ్రీలు, అదీ ఇక్కడే తీశారు. ఒకే చోట నుంచి దక్షిణం వాళ్లదీ ఉత్తరం వాళ్లదీ తీయగలిగారంటే, ఆ చోటు మన అక్షాంశంలో ఉండబట్టే. 7 లక్షలకు పైగా నక్షత్రాలను ఆ ప్లేట్ల మీద కొలిచారు. ఎనిమిదంగుళాల లెన్సుతో, రసాయనాలతో, చీకటి గదిలో. నాలాగా డార్క్‌రూమ్‌లో చేతులు పసుపెక్కినవాళ్లకే ఆ శ్రమ అర్థమవుతుంది. అంతకు ముందు 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణానికి గుంటూరులో మేజర్ టెన్నెంట్ బృందం ఫొటోలు తీసింది. అదే ఊళ్లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ వర్ణపటదర్శినితో సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను పరిశీలించాడు.

ఇక కొనడం సంగతి. మా మేనల్లుడు కాజీపేటలో ఇంటర్ చదువుతున్నాడు. ఆన్‌లైన్‌లో 525 రెట్లు అని రాసి ఉన్న టెలిస్కోపు తెప్పించుకుని, చంద్రుణ్ని పట్టలేక నా దగ్గరికి తెచ్చాడు.

"మామా, గిదేంది? ముట్టుకుంటే చాలు మొత్తం ఊగుతాంది."

"ఊగుతది మరి. గొట్టానికి పెట్టిన పైసలు కాళ్లకు పెట్టలే వాళ్లు."

దాని లెన్సు 60 మిల్లీమీటర్లు. లెన్సు వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు దాకానే పెద్దది చేయడం పనికొస్తుంది. అంటే 120. ఆ పైన ఎంత పెంచినా మసకే పెద్దదవుతుంది. పెట్టె మీద రెట్ల సంఖ్యను పెద్దక్షరాల్లో అచ్చు వేసిన టెలిస్కోపును నేనైతే కొననివ్వను. చూడాల్సింది లెన్సు లేదా అద్దం వెడల్పు, ఆ తర్వాత స్టాండు. నిజానికి స్టాండే ముందు అంటాను, కానీ దుకాణంలో ఎవరూ స్టాండు చూసి మురిసిపోరు కదా.

తొలి టెలిస్కోపుగా నేను చెప్పేది బల్ల మీద పెట్టుకునే చిన్న డాబ్సోనియన్. 130 మిల్లీమీటర్ల అద్దం, 650 ఫోకల్ లెంగ్త్. కన్ను పెట్టి చూసే చిన్న లెన్సు, అంటే ఐపీస్, 25 మిల్లీమీటర్లది పెడితే 26 రెట్లు, 10 పెడితే 65 రెట్లు. ఫోకల్ లెంగ్త్‌ను ఐపీస్ అంకెతో భాగిస్తే చాలు. ఈ రకం స్టాండుకు జాన్ డాబ్సన్ పేరే నిలిచింది. ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో వేదాంత సొసైటీ మఠంలో సన్యాసి. దొరికిన గాజుతో అద్దాలు అరగదీసి, చెక్క, అట్టగొట్టాలతో టెలిస్కోపులు కట్టి, వీధిలో పోయేవాళ్లను పిలిచి చూపించేవాడు. ఈ పిచ్చి వల్లే 1967లో మఠం నుంచి బయటికి రావాల్సి వచ్చింది. ఆయన కట్టిన పెట్టెలో మోటార్లు లేవు, స్క్రూలు బిగించే గొడవ లేదు. తోస్తే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది.

మోటారు మౌంట్ కొనాలనుకునేవాళ్లు మాత్రం కనీస అక్షాంశం ఎంతో అడిగి తీసుకోండి. ధ్రువుడి వైపు వంచి పెట్టే మౌంట్లు కొన్ని 18 డిగ్రీల దాకా దిగడానికి మొరాయిస్తాయి. దిగినా బరువు కట్టిన కడ్డీ స్టాండు కాలికి తగులుతుంది. 50 డిగ్రీల దగ్గర ఉన్నవాడికి ఈ బాధ తెలియదు కాబట్టి వాడి వీడియోలో ఈ మాట ఉండదు.

ఎప్పుడు చూడాలన్నదానికి యాప్ కంటే ముందు గోడ మీది తెలుగు క్యాలెండరు చాలు. తిథి చూస్తే చంద్రుడి వెలుగు ఎంతో తెలుస్తుంది, నక్షత్రం చూస్తే చంద్రుడు ఎక్కడున్నాడో తెలుస్తుంది. రోహిణి అని రాసి ఉంటే చంద్రుడు ఆ ఎర్రటి చుక్క చుట్టుపక్కల ఉన్నట్టే. పున్నమినాడు టెలిస్కోపు బయటికి తీయకండి. ఎండ ఎదురుగా పడి నీడలుండవు, చంద్రుడు చప్పగా కనిపిస్తాడు. శుక్ల సప్తమి, అష్టమి నాడు వెలుగు నీడలు కలిసే గీత వెంట చూడండి, గుంటల అంచులు లేచి నిలబడతాయి. మసక మేఘాల్లాంటి నెబ్యులాలకు, పాలపుంతకు అమావాస్యకు అటూ ఇటూ నాలుగు రోజులు.

డాబా గురించి ఒక మాట. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో స్లాబు పగలంతా కాగి, రాత్రి పది దాటినా సెగలు కక్కుతూనే ఉంటుంది. ఆ వేడి గాలిలోంచి చూస్తే గురుగ్రహం ఉడుకుతున్న నీళ్ల అడుగున నాణెంలా వణుకుతుంది. ఇంటి ముందు మట్టి నేలో, గడ్డి ఉన్న చోటో నయం. డాబానే దిక్కైతే అర్ధరాత్రి దాటనివ్వండి. గుట్టలెక్కి చూద్దామనే ఉత్సాహవంతులకూ ఇదే చెబుతాను, నల్లరాయి స్లాబు కంటే ఏమీ తక్కువ తినలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా టెలిస్కోపును సిలికా జెల్ సంచులతో డబ్బాలో పెట్టి మూత వేయండి. కెమెరా లెన్సుకు పట్టే బూజే దీనికీ పడుతుంది.

మొదటి ఫొటోకు కెమెరా అక్కర్లేదు, ఫోన్ చాలు. ఐపీస్‌కు ఫోన్‌ను పట్టి ఉంచే క్లాంపు కొన్ని వందల్లో దొరుకుతుంది. 25 ఐపీస్‌తో మొదలుపెట్టండి, చంద్రుడి మీద వేలు నొక్కి ఫోకస్ లాక్ చేయండి, వెలుతురు గీతను కిందికి లాగండి, మూడు సెకన్ల టైమర్ పెట్టి చేయి తీసేయండి. కొత్తవాళ్ల ఫొటోల్లో చంద్రుడు తెల్లటి మరకలా రావడానికి కారణం ఒక్కటే. చుట్టూ చీకటి చూసి ఫోన్ ఇది రాత్రి అనుకుంటుంది. కానీ చంద్రుడి మీద ఉన్నది ఎండ. ఎండలో రాయిని తీసినట్టే తీయాలి: పున్నమి చంద్రుడికి ఐఎస్ఓ 100, ఎఫ్ 11, సెకనులో వందో వంతు. అష్టమి చంద్రుడికి ఇంకాస్త ఎక్కువ.

గ్రహాలకు ఫొటో తీయకండి, వీడియో తీయండి. రెండు నిమిషాల వీడియోలో వేల ఫ్రేములుంటాయి. వాటిలో గాలి ఒక్క క్షణం కుదురుకున్నవి కొన్ని ఉంటాయి. ఆటోస్టాకర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మంచివి ఏరి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. గురుడికి రెండు మూడు నిమిషాలు దాటించవద్దు, అది పది గంటల లోపే ఒక చుట్టు తిరిగేస్తుంది, మచ్చలు జరిగిపోతాయి. శని వలయాలు 2025లో మనకు అంచు తిప్పి సన్నని గీతలా కనిపించాయి. ఇక ఏటేటా విచ్చుకుంటూ 2032 నాటికి బాగా తెరుచుకుంటాయి.

పాలపుంతకు పెళ్లిళ్ల కెమెరానే సరిపోతుంది. 18 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి, స్టాండు మీద, ఐఎస్ఓ 3200, 15 సెకన్లు. అంతకు మించితే భూమి తిరగడం వల్ల చుక్కలు గీతలవుతాయి. 50 లెన్సుతో అయితే 6 సెకన్లే. ఇలాంటివి వంద తీసి సిరిల్‌తోనో డీప్‌స్కైస్టాకర్‌తోనో కలిపితే ఫొటోలోని గరుకు పదోవంతుకు తగ్గుతుంది. వెలుగంతా ఒక్క క్లిక్‌లో రావాలన్న తొందర మా వృత్తిలో అలవాటు, ఇక్కడ అది పనికిరాదు. ఈ మధ్య వచ్చిన స్మార్ట్ టెలిస్కోపులు ఇదంతా వాటంతటవే చేసి బొమ్మను ఫోన్‌కు పంపిస్తాయి. బొమ్మలు బాగుంటాయి, కాదనను. కానీ వాటికి కన్ను పెట్టే చోటే లేదు. పదేళ్ల పిల్లకు శనిని ఐపీస్‌లో చూపించినప్పుడు వచ్చే కేక తెర మీద చూపిస్తే రాదు.

ఎక్కడికి వెళ్లాలి? కొత్తవాళ్లు ధర్మసాగర్ చెరువో పాకాలో అంటారు. చెరువులు అందమే, కానీ దిక్కు చూసుకోవాలి. పాలపుంత నడిబొడ్డు దక్షిణాన ఉంటుంది కాబట్టి ఊరి వెలుగు మీ వీపు వెనక పడాలి. నేను ఖమ్మం రోడ్డు పట్టి వర్ధన్నపేట దాటి వెళతాను. వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడింటి కాంతీ ఉత్తరాన మిగిలిపోతుంది. ఫిబ్రవరి చివరి నుంచి తెల్లవారుజామున, మే నెలలో అర్ధరాత్రికి ముందే అది పైకొస్తుంది. పొలం ఎవరిదో కనుక్కుని ముందే ఒక మాట చెప్పండి, లేకపోతే మోటారు దొంగలనుకుంటారు. పాకాల అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రిపూట వెళ్లవద్దు.

సూర్యుడి విషయంలో మాత్రం సర్దుబాట్లు లేవు. టెలిస్కోపు ముందు మూతికి అసలైన సోలార్ ఫిల్టర్ లేకుండా సూర్యుడి వైపు తిప్పితే కన్ను పోతుంది. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పూసిన గాజు ముక్కలు వద్దు. చౌక టెలిస్కోపులతో ఐపీస్‌కు బిగించే చిన్న నల్ల ఫిల్టర్ వస్తే చెత్తబుట్టలో వేయండి, అది వేడికి పగులుతుంది.

అరుంధతిని మధ్యలో వదిలేశాను. 65 రెట్ల దగ్గర చూస్తే వశిష్ఠుడే రెండు చుక్కలుగా విడిపోతాడు, అరుంధతి కాస్త దూరంగా నిలబడుతుంది. 1857లో హార్వర్డ్‌లో బాండ్, విపుల్ అనే ఇద్దరు ఈ జంటను ఫొటో తీశారు. నక్షత్రాల ఫొటోల్లో అవి మొదటి తరానివి. అంటే మా వృత్తిలో అరుంధతి ఫొటో తీయించుకున్నది చాలా ముందుగానే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు తేదీ ఒకటి చెబుతాను. 2028 డిసెంబరు 31న, అదీ పున్నమినాడు, సంపూర్ణ చంద్రగ్రహణం. రాత్రి పదిన్నరకు కాస్త ముందు నడిగ్రహణం, చంద్రుడు 71 నిమిషాలు పూర్తిగా నీడలో. మన ఊళ్లో అప్పటికి చంద్రుడు బాగా పైన ఉంటాడు, డిసెంబరు కాబట్టి మబ్బుల భయం తక్కువ. 200 లెన్సు, స్టాండు, కేబుల్ రిలీజు చాలు. గ్రహణం పట్టకముందు సెకనులో రెండువందలో వంతుతో తీసిన చంద్రుడికే, పూర్తిగా నీడలోకి వెళ్లాక ఐఎస్ఓ 800 దగ్గర ఒక సెకను కావాలి. ఆ రాగి రంగు వస్తున్నంతసేపూ ఎక్స్‌పోజర్ మారుస్తూనే ఉండాలి. అదే రాత్రి కొత్త సంవత్సరం పార్టీలు కూడా. ఆర్డర్లు అప్పుడే వద్దంటున్నాను. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.