తీగ తెగలేదు, ఛార్జింగ్ ఆగింది!

విద్యుత్తుతో నడిచే అంబులెన్సు ఒకటి ఛార్జింగ్ స్టేషన్‌లో ఉందనుకోండి. బ్యాటరీ సగం నిండింది. హఠాత్తుగా ఛార్జింగ్ ఆగిపోయింది! కరెంటు పోలేదు. తీగ తెగలేదు. బండిని ఎవరూ ముట్టుకోలేదు. మరి ఏం జరిగి ఉంటుంది?

ఇలాంటిది సాధ్యమేనని 2022లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, స్విట్జర్లాండుకు చెందిన ఆర్మాస్విస్ సంస్థ శాస్త్రజ్ఞులు చేసి చూపించారు. దానికి వారు పెట్టిన పేరు ‘బ్రోకెన్‌వైర్’. అంటే తెగిన తీగ అన్నమాట.

వేగంగా ఛార్జి చేసే సి.సి.ఎస్. అనే పద్ధతిలో కారూ స్టేషనూ ఎడతెగకుండా మాట్లాడుకుంటూ ఉంటాయి. “ఇంత వోల్టేజి కావాలి, ఇంత కరెంటు చాలు” అని కారు చెబుతుంది. మాట ఆగిందా, స్టేషను వెంటనే కరెంటు ఆపేస్తుంది. బ్యాటరీకి ప్రమాదం రాకుండా చేసిన మంచి ఏర్పాటే ఇది!

ఆ మాటలు తీగలోనే సాగుతాయి. కానీ వాటి పౌనఃపున్యం ఇంచుమించు షార్ట్‌వేవ్ రేడియో తరంగాలదే. అందువల్ల తగిన కవచం లేని ఆ తీగ ఏరియల్‌లా బయటి తరంగాలను కూడా పట్టేస్తుంది.

మీ తరగతిలో ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు ఆగుతారు కదా! ఈ యంత్రాలదీ అదే మర్యాద. ప్రతి సందేశానికి ముందు “నేను మాట్లాడబోతున్నాను” అనే చిన్న సంకేతం వస్తుంది. దుండగుడు ఆ ఒక్క సంకేతాన్నే రేడియోతో పదే పదే పంపితే? ఎవరో మాట్లాడుతున్నారనుకుని కారూ స్టేషనూ నోరు మూసుకుంటాయి. మాట ఆగింది కనుక ఛార్జింగూ ఆగుతుంది. మనిషి వచ్చి మళ్ళీ మొదలుపెడితే తప్ప సాగదు.

ఇందుకు ఎంత శక్తి కావాలనుకుంటున్నారు? ఒక వాట్ కూడా అక్కరలేదు! 47 మీటర్ల దూరం నుంచే వారు ఛార్జింగ్‌ను ఆపగలిగారు. 7 రకాల కార్లపై, 18 ఛార్జర్లపై పరీక్షించారు. కార్లకు శాశ్వత నష్టమేమీ కనిపించలేదు. కానీ మన అంబులెన్సు కదలలేదే!

మన దేశంలో కూడా కార్లకు వేగవంతమైన ఛార్జింగ్‌లో ఎక్కువగా వాడేది సి.సి.ఎస్. పద్ధతే. ఇంటి దగ్గర నెమ్మదిగా చేసుకునే మామూలు ఛార్జింగ్‌లో సాధారణంగా ఈ రకం సంభాషణ ఉండదు కనుక ఆ భయం లేదు.

స్టేషనుకు తాళం వేసినా, గోడ కట్టినా రేడియో తరంగం ఆగదు. దొంగ సంకేతానికి మోసపోకుండా ఉండడం యంత్రానికి నేర్పాలి. ఎలా నేర్పుతారో, ఆలోచించండి!