హెచ్.ఐ.వి. టీకా పరిశోధన: కోతులలో సాధించిన నియంత్రణ - మానవులకు అందవలసిన రక్షణ

మార్కాపురం: హెచ్.ఐ.వి.కి టీకా సిద్ధమైనదన్న వార్త కొన్ని సంవత్సరాలకొకమారు పత్రికలలో వెలువడుతూనే ఉన్నది. అట్టి వార్తలలో అధికభాగం కోతులపై జరిగిన ప్రయోగాలకు సంబంధించినవి. హెచ్.ఐ.వి.ని నివారించే టీకా ఏదీ నేటివరకు ఏ దేశంలోనూ ఆమోదం పొందలేదు. కరవు కాలంలో కూలి పనులకై నగరాలకు వలస వెళ్లే కుటుంబాలు, పలకల వంటి సరకులతో రోజుల తరబడి ఇంటికి దూరంగా ఉండే లారీ కార్మికులు గల మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో ఇట్టి వార్తను నమ్మి ఒక్క రోగి మాత్రలు మానివేసినా నష్టమే. అందువలన ఆ ప్రయోగాలలో ఏమి తేలినదో, ఏమి తేలలేదో తెలుసుకొనడం అవసరం.

శరీరానికి గల రోగనిరోధక శక్తి ప్రధానంగా రెండు విధాలు. మొదటిది ప్రతిరక్షకాలు. ఇవి రక్తంలోను, శ్లేష్మపు పొరలలోను ఉండి, వైరస్ కణంలోనికి ప్రవేశించకముందే దానిని పట్టుకొంటాయి. రెండవది కణగత రోగనిరోధకత. వైరస్ అప్పటికే కణంలో చేరి ఉన్నట్లయితే, ఆ కణాన్ని గుర్తించి నాశనం చేసే పని సి.డి.8 టి-కణాలది. హెచ్.ఐ.వి. తన రూపాన్ని నిరంతరం మార్చుకొంటూ ప్రతిరక్షకాలను తప్పించుకొంటుంది. పైగా రక్షణ వ్యవస్థకు ఆయువుపట్టు వంటి సి.డి.4 కణాలనే తన నివాసంగా చేసుకొంటుంది. ఈ కారణంగానే 1990 దశకం నుండి శాస్త్రవేత్తల దృష్టి రెండవ మార్గంపైకి మళ్లినది.

ఈ పరిశోధనకు రీసస్ కోతులను ఎన్నుకొనడానికి కారణమున్నది. హెచ్.ఐ.వి.కి దగ్గరి బంధువైన ఎస్.ఐ.వి. వైరస్ ఆఫ్రికా కోతులలో కొన్ని జాతులకు సహజంగా సోకినా వాటికి సాధారణంగా జబ్బు చేయదు. అదే వైరస్ ఆసియా ఖండపు రీసస్ కోతులకు సోకితే ఎయిడ్స్ వంటి వ్యాధితో మరణిస్తాయి. నల్లమల క్షేత్రాలలో భక్తుల చేతినుండి అరటిపండ్లు లాగుకొనే మన దక్షిణాది కోతి వేరు, ఉత్తర భారతంలో విస్తారంగా కనిపించే రీసస్ వేరు. ఒకప్పుడు పరిశోధనల కొరకు మన దేశం నుండి ఎగుమతి అయిన ఈ రీసస్ కోతుల ఎగుమతిని 1978లో భారత ప్రభుత్వం నిషేధించినది.

ఈ రంగంలో ఒక తెలుగు శాస్త్రవేత్త పేరు ప్రముఖంగా వినిపిస్తుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో క్షయ క్రిమిపై పరిశోధన చేసిన డాక్టర్ అమర రామారావు, తరువాత అమెరికాలోని అట్లాంటా నగరంలో ఎమరీ విశ్వవిద్యాలయపు ప్రైమేట్ పరిశోధనా కేంద్రంలో డాక్టర్ హారియెట్ రాబిన్సన్ బృందంలో చేరారు. 2001 ఏప్రిల్‌లో 'సైన్స్' పత్రికలో వెలువడిన వారి పత్రానికి ఆయనే ప్రథమ రచయిత. ఆ ప్రయోగంలో 24 కోతులకు మొదట, 8 వారాల తరువాత డి.ఎన్.ఎ. టీకాను, 24వ వారంలో ఎం.వి.ఎ. అనే బలహీనపరచిన వైరస్ ఆధారిత టీకాను ఇచ్చారు. ఎం.వి.ఎ. మశూచి టీకా వంశానికి చెందినది. మొదటి టీకా టి-కణాలకు శత్రువును పరిచయం చేయగా, రెండవది వాటి సంఖ్యను పెంచినది. మరి 7 నెలలు ఆగి, కోతి, మానవ వైరస్‌ల సమ్మేళనంగా రూపొందించిన తీవ్రమైన వైరస్‌ను ఆ కోతులకు ఎక్కించారు. టీకా పొందని నాలుగు కోతులలో అధికభాగం కొద్ది నెలలలోనే మరణించాయి. టీకా పొందినవాటికి సైతం వైరస్ సోకినది. అయితే దాదాపు అన్నింటిలోను రక్తంలోని వైరస్ పరిమాణం అతి స్వల్పస్థాయికి తగ్గి, సి.డి.4 కణాలు నిలిచాయి.

పత్రికల శీర్షికలలో తరచుగా జారిపోయే భేదం ఇక్కడే ఉన్నది. ఈ టీకా సంక్రమణను ఆపలేదు, సంక్రమించిన వైరస్‌ను అదుపులో ఉంచినది. ఆ అదుపు శాశ్వతమని చెప్పడానికీ వీలులేదు. అమెరికాలోనే మరొక బృందం టీకా ఇచ్చిన ఒక కోతిలో వైరస్ ఒకే ఒక్క మార్పుతో టి-కణాల చూపు తప్పించుకొనగా, ఆ కోతి వ్యాధికి లోనై మరణించినట్లు 2002లో 'నేచర్' పత్రిక ప్రచురించినది. కణగత రోగనిరోధకతపైనే ఆధారపడిన టీకాతో మానవులపై జరిపిన 'స్టెప్' పరీక్షను ప్రయోజనం కానరానందున 2007 సెప్టెంబరులో నిలిపివేశారు. కోతిలో ఫలించినది మనిషిలో ఫలించి తీరుతుందన్న నమ్మకం అంతటితో సడలినది.

అయినను పరిశోధన ఆగలేదు. సైటోమెగలో వైరస్ ఆధారిత టీకా పొందిన రీసస్ కోతులలో సుమారు సగం ఎస్.ఐ.వి.ని దీర్ఘకాలం అణచివేసినట్లు 2011లో వెల్లడైనది. రామారావు భాగస్వామిగా ఉన్న మరొక అధ్యయనం 2020లో ప్రచురితమైనది. ప్రతిరక్షకాలతో పాటు టి-కణాలను సైతం సిద్ధం చేసిన కోతులలో, ప్రతిరక్షకాల స్థాయి తగ్గిన పిమ్మట కూడా రక్షణ నిలిచినట్లు అందులో తేలినది. రెండు మార్గాలూ కలిసి నడవవలెనన్నదే నేటి ఆలోచన. మన దేశంలో సైతం ఎం.వి.ఎ. ఆధారిత టీకాపై తొలిదశ మానవ పరీక్ష 2006లో చెన్నైలో ప్రారంభమైనది.

కోతులలో టీకాతో సాధింపజూస్తున్న నియంత్రణను మానవులలో ఎ.ఆర్.టి. మాత్రలు నేడే సాధిస్తున్నాయి. మన దేశంలో ఈ చికిత్స ఉచితంగా అందడం 2004 ఏప్రిల్ 1న ప్రారంభమైనది. 2017 నుండి సి.డి.4 సంఖ్యతో నిమిత్తం లేకుండా, వ్యాధి నిర్ధారణ అయిన ప్రతివారికీ మందులు ఇస్తున్నారు. పరిశోధకులు కోతుల రక్తంలో కొలిచిన వైరల్ లోడ్, సి.డి.4 పరీక్షలే ఇక్కడి రోగి చేతి కాగితంపైనా ఉంటాయి. క్రమం తప్పక మందులు వాడి, వైరస్ గుర్తించలేనంత స్వల్పస్థాయిలో కొనసాగుతున్నవారి నుండి లైంగిక సంపర్కం ద్వారా జీవిత భాగస్వామికి అది సోకదు. గర్భిణి సకాలంలో చికిత్స పొందితే బిడ్డకు సోకే అవకాశం అత్యల్పం. మాత్రలు మానివేస్తే మాత్రం కొద్ది వారాలలోనే వైరస్ తిరిగి పెరుగుతుంది. కనుక వలస వెళ్లేవారు బయలుదేరకముందే తమ ఎ.ఆర్.టి. కేంద్రంలో తెలియజేసి, వెళ్లే ఊరిలో మందులు పొందే ఏర్పాటు చేసుకొనవలెను.

2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం సాధారణంగా వ్యక్తి సమ్మతి లేనిదే పరీక్ష జరుపరాదు, ఫలితాన్ని ఇతరులకు వెల్లడించరాదు. సందేహాల నివృత్తికై 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చును.